పోటీ పరీక్షల ప్రత్యేకం: ప్రేగులలోని తీపి గ్రాహకములు

మాధుర్యమును గుర్తించుట నాలుక కొక్కదానికే దక్కిన విద్య యని తలంపరాదు. టీ1ఆర్2, టీ1ఆర్3 అను రెండు ప్రోటీనుల జంటయగు తీపి గ్రాహకము ప్రేగు గోడలోని అంతఃస్రావ కణములందును కలదని 2007లో పరిశోధకులు ప్రకటించిరి. అచటి ఎల్-కణములు, గ్లూకోజు సోకగా, జీఎల్‌పీ-1 అను హార్మోనును రక్తములోనికి విడువ, అది క్లోమమునుండి ఇన్సులిన్ స్రావమును హెచ్చించి, జీర్ణాశయము ఖాళీయగు వేగమును తగ్గించి, మెదడునకు తృప్తిని సూచించును. సిరలోనికి ఎక్కించిన గ్లూకోజుకంటె నోట త్రాగిన గ్లూకోజు అధికముగ ఇన్సులిన్‌ను రప్పించుటకు ఇట్టి హార్మోనులే హేతువు. ప్రశ్నపత్రకర్తలకు మిక్కిలి ప్రీతిపాత్రమైన ఈ విషయమునకు ఇన్‌క్రెటిన్ ప్రభావమని పేరు. అయితే జీఎల్‌పీ-1 స్రావమునకు తీపి గ్రాహక మొక్కటియే కారణము కాదు. ఎస్‌జీఎల్‌టీ-1 అను గ్లూకోజు వాహకమునకును ఇందు ముఖ్యపాత్ర కలదు. జీఎల్‌పీ-1 తృప్తిని సూచింపగా, ఆకలిని రేపు గ్రీలిన్ అను హార్మోను ప్రధానముగ జీర్ణాశయమున పుట్టును. అభ్యర్థులు జీఎల్‌పీ-1, గ్రీలిన్ అను ఈ రెండు హార్మోనులను తారుమారు చేయకుందురు గాక.