పగ, మత్తు ఉన్న నవల పిల్లలు చదవచ్చా?

ప్రశ్న: పదో తరగతి చదివే మా అమ్మాయి ‘హంగర్ గేమ్స్’ నవలలు వదలడం లేదు. వాటినిండా తాగుడు, పగేనట. మాన్పించమంటారా?

జవాబు: మాన్పించకండమ్మా, మీరూ చదవండి. సుజాన్ కాలిన్స్ 2008–10 మధ్య తెచ్చిన ఈ మూడు నవలలు మత్తును ఎక్కడా గొప్పగా చూపవు. వాటిలోని హేమిచ్ పదహారేళ్లకే, పిల్లలు ఒకరినొకరు చంపుకునే పోటీలో గెలిచినవాడు. తర్వాత ఏటేటా తాను తర్ఫీదిచ్చిన పిల్లలే చనిపోతుంటే తట్టుకోలేక తాగుతాడు. కథ ముగిసేసరికి పెద్దబాతులు పెంచుకుంటాడే గానీ, తాగుడు పూర్తిగా మానడు. వ్యసనం అంత తేలిగ్గా వదలదని రచయిత్రికి తెలుసు. రెండో నవలలో మార్ఫ్లింగ్ అనే మత్తుకు బానిసైన ఒకామె, హేమిచ్ తర్ఫీదిచ్చిన పీటా మీదికి దూకిన మృగానికి అడ్డుపడుతుంది. చనిపోతూ తన నెత్తుటితో అతని చెంప మీద పువ్వు గీస్తుంది. ఆమెను పనికిరానిదని ఎవరనగలరు?

ఇక పగ. మూడో నవలలో, ఓడిన శత్రువుల పిల్లలతో అదే పోటీ పెట్టాలా వద్దా అని పాత పోటీల విజేతలు ఓటు వేస్తారు. అక్కడికి రాగానే “నువ్వైతే ఏమంటావు?” అని అమ్మాయిని అడగండి. హింస మాత్రం ఎక్కువే. నిద్ర చెడుతుంటే రాత్రిపూట చదవనివ్వకండి.