దిక్కు మఱవని యయస్కాంతము

మన ప్రయోగశాలయందలి దండాయస్కాంతములను విద్యార్థులందఱు నెఱుగుదురు. క్రొత్తగా వచ్చిననాడు అవి మేకులను దూరమునుండియే లాగుచుండెను. రెండు మూడు సంవత్సరములైన పిమ్మట, ఒకటి క్రింద పడుటచేతను, మఱియొకటి సజాతి ధ్రువములు ప్రక్కప్రక్కన నుండునట్లు పెట్టెలో నుంచబడుటచేతను, వాని బలము క్షీణించినది. అయస్కాంతము తన దిక్కును మఱచినదని మేము తరగతిలో చెప్పుచుందుము. అది దిక్కు నేల మఱచును? మఱవని యయస్కాంతమును చేయ వీలగునా? సమేరియము, కోబాల్టు అను రెండు లోహముల కూడిక యీ ప్రశ్నలకు చక్కని సమాధానము. దానిని ఇచ్చట వివరింపబూనితిమి.

అయస్కాంతమునందలి కోట్లకొలది పరమాణువులు చిన్న చిన్న యయస్కాంతములవలె నుండును. అవి యొకే దిక్కునకు తిరిగియున్నంత కాలము లోహము బలముగా నాకర్షించును. కావున మంచి యయస్కాంతమునకు మూడు గుణములు వలయును. మొదటిది బలము. రెండవది, ఎదురు శక్తి త్రోసినను దిక్కు మార్చుకొనని నిలుకడ. మూడవది, వేడికి చెదరకుండుట. ప్రతి యయస్కాంత లోహమునకును ఒక యుష్ణోగ్రత కలదు. అది దాటినచో పరమాణువుల పొందిక చెదరిపోవును. దీనికి క్యూరీ ఉష్ణోగ్రతయని పేరు. ఇనుమునకు అది 770 డిగ్రీల సెంటీగ్రేడు. కోబాల్టునకు సుమారు 1,120 డిగ్రీలు.

కోబాల్టును స్వీడను దేశీయుడగు జార్జి బ్రాంట్ 1735 ప్రాంతమున కనుగొనెను. సమేరియమును ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లెకాక్ ద బ్వాబోద్రాన్ 1879లో కనుగొనెను. ఇది విరళ మృత్తికలను కుటుంబమునకు చెందినది. పేరునకు విరళములే గాని యవి భూమిలో మిక్కిలి యరుదు కావు. రసాయన గుణములలో నొకదానినొకటి పోలియుండుటచే వేఱుచేయుట కష్టము. సమేరియము ఒంటరిగా నున్నపుడు మన గది వేడిమిలో మేకును లాగజాలదు.

1966లో అమెరికాయందలి డేటన్ నగరము చెంత, వైమానిక దళమువారి పరిశోధనాలయమున, కార్ల్ స్ట్ర్నాట్, గ్యారీ హోఫర్ అను వారు ఇదే కుటుంబములో చేర్చబడు యిట్రియమును కోబాల్టుతో కలిపి పరీక్షించి, ఆ సమ్మేళనమునకు ఆశ్చర్యకరమైన నిలుకడ కలదని చూపిరి. యిట్రియమునకు బదులు సమేరియమును చేర్చగా నిలుకడ యింకను సుమారు మూడింతలయ్యెను.

కారణము పరమాణువుల యమరికలో నున్నది. ఒక సమేరియమునకు అయిదు కోబాల్టులు. స్ఫటికము షట్కోణాకారము, అంతస్తులు గలది. ఒక అంతస్తులో సమేరియమును కోబాల్టును కలిసియుండును. దానిపై అంతస్తులో కోబాల్టు మాత్రమే యుండును. మరల మొదటివంటిది వచ్చును. సెంటీమీటరును పదికోట్ల భాగములు చేసినచో, ఒక సమేరియమునకును సరిగా దానిపైనున్న సమేరియమునకును నడుమ దూరము సుమారు 4 భాగములు. అదే అంతస్తులో ప్రక్కనున్న దానికి 5 భాగములు.

సమేరియము పరమాణువున అయస్కాంత గుణమునకు మూలమైన యెలక్ట్రానుల మేఘము గుండ్రముగా నుండక కోలగా సాగియుండును. చుట్టునున్న పరమాణువుల విద్యుత్ప్రభావముచే ఆ మేఘము అంతస్తులకు నిలువుగా కుదురుకొనును. దానిని ప్రక్కకు త్రిప్పుటకు మిక్కిలి శక్తి కావలయును. కోబాల్టు దానితో ముడిపడియుండుటచే అదియు తిరుగలేదు. బలమైన యెడ్లను గట్టి గుంజకు కట్టినట్లని తలపుడు. బలము కోబాల్టుది, నిలుకడలో పెద్దపాలు సమేరియముది.

గుంజను మార్చిన నేమగునో చూతము. గెడోలినియమునకు స్వంత బలము 7 పాళ్లు. అయిదు కోబాల్టుల బలము కలిసి 8 పాళ్లకు కొంచె మెక్కువ. మొత్తము 15 కావలెనని విద్యార్థి తలచును. కాని గెడోలినియము కోబాల్టునకు ఎదురుదిక్కుగా తిరుగును. కావున మిగులునది ఒక పాలు పైచిలుకు మాత్రమే. పైగా దాని మేఘము గుండ్రనిది గనుక దిక్కును పట్టియుంచనులేదు. నియోడిమియము కోబాల్టు ప్రక్కనే నిలుచును గాని, దాని మేఘము బల్లపరుపుగా నుండుటచే, చలిలో అయస్కాంత దిక్కు అంతస్తుల వెంబడి పడుకొనును. వేడిమి పెరిగినకొలది లేచి నిలువుగా నగును. కావున బలమైనవానిని రెంటిని చేర్చినంత మాత్రమున మంచి యయస్కాంతము కాదు, పొందిక వలయును.

స్ఫటికము మంచిదైనను లోహపు ముద్ద వెంటనే మంచి యయస్కాంతము కాదు. దానిని మిక్కిలి మెత్తని పొడిగా నూఱి, బలమైన అయస్కాంత క్షేత్రములో నుంచి రేణువులన్నిటిని ఒకే దిక్కునకు త్రిప్పి, అదిమి, 1,100 డిగ్రీలకు పైబడిన వేడిలో కాల్చుదురు. గుంజలన్నియు ఒకే వరుసను నిలువవలెను గదా!

ఇంకొక లెక్క. మూడు సమ్మేళనములను తీసికొనిన సమేరియములు 3, కోబాల్టులు 15. ఒక సమేరియమును తీసి, ఆ చోట రెండు కోబాల్టులను జంటగా నుంచిన, 2 సమేరియములు, 17 కోబాల్టులు అగును. ఇది వేఱొక సమ్మేళనము. మొదటిదాని క్యూరీ ఉష్ణోగ్రత 700 డిగ్రీలకు పైన. దీనిది 900 డిగ్రీలకు పైన. ఇనుము, రాగి, జిర్కోనియము కొంచెము చేర్చి దీనిని వాడుదురు.

1978లో ఆఫ్రికాయందలి జైరే దేశమున, కోబాల్టు గనులుగల షాబా రాష్ట్రములో, యుద్ధము రేగగా కోబాల్టు ధర మిక్కిలి పెరిగెను. అందుచే శాస్త్రజ్ఞులు కోబాల్టు లేని యయస్కాంతములకై వెదకిరి. 1983లో జపాను, అమెరికా దేశములయందు నియోడిమియము, ఇనుము, బోరాను కలిసిన యయస్కాంతములు వెలువడెను. అవి యెక్కువ బలముగలవి, చౌకయైనవి. కాని వాని క్యూరీ ఉష్ణోగ్రత సుమారు 310 డిగ్రీలే. కావున విమానములలోను, అంతరిక్ష నౌకలలోను, వేడి మిక్కుటమైన యంత్రములలోను సమేరియము–కోబాల్టు నేటికిని నిలిచియున్నది. 2023 మే నెలలో మన విశాఖపట్టణము చెంత ఇట్టి యయస్కాంతములను చేయు కర్మాగారము జాతికంకితము చేయబడెను.

మన దండాయస్కాంతములకు ఇంతటి నిలుకడ లేదు. కావున విద్యార్థులు వానిని క్రింద పడవేయక, విజాతి ధ్రువములు ప్రక్కప్రక్కన నుండునట్లు జతచేసి, కొనలయందు మెత్తని యినుప ముక్కలు తగిలించి పెట్టెలో నుంచవలెను. అట్లు చేసిన, రాబోవు సంవత్సరపు తరగతికి గూడ అవి దిక్కు చూపగలవు.