కూర్చుండి లెక్క చూచుకొనుట

ధ్యాన భాగములు: లూకా 14:28–30, అపొస్తలుల కార్యములు 18:1–5



గోపురము కట్టదలచినవాడు ముందు కూర్చుండి తన చేతిలోని పైకము చాలునో చాలదో చూచుకొనునని ప్రభువు ఉపమానముగా చెప్పెను. ఆయన ఆ మాటను శిష్యత్వమును గూర్చి చెప్పెనని మరువరాదు. అయినను లెక్క చూడక ఆరంభించిన పని సగములో నిలిచిపోవుననుట మన ఇండ్లలోను సత్యమే. కావున ఈ నెల, సగము దినము కొలువు చేయుచు తక్కిన వేళ చార్టర్డ్ అకౌంటెంటు పరీక్షలకు చదువుకొను మన బిడ్డలను గూర్చి ఆలోచింతము.

మన అనంతపురము సీమలో ఏడాదికి కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. వేరుశెనగ ఊడలు దిగు వేళ అదియు ముఖము చాటువేసిన, అప్పు మిగులును గాని పంట మిగులదు. అట్టి ఇంటి బిడ్డ పట్టణములో చదువవలెనన్న ఏదో ఒక పని చేయక తప్పదు.

మా సంఘపు యౌవనస్థుడొకడు అనంతపురములో అద్దె గదిలో నుండి, ఉదయము నూనె మిల్లులో చిట్టా ఆవర్జాలు వ్రాయుచు, మిగిలిన వేళ చదువుచుండెను. ఈ చదువు 1949వ సంవత్సరపు చట్టము చొప్పున ఏర్పడిన ఇన్‌స్టిట్యూటు నడుపునది. ఫౌండేషన్, ఇంటర్మీడియట్, ఫైనల్ అని ఇందులో మూడు మెట్లున్నవి. రెండవ మెట్టు మన కళాశాల ఇంటర్మీడియట్ కాదు. అందులో రెండు గ్రూపులు, గ్రూపునకు మూడు పేపర్లు. ప్రతి పేపరులో నూటికి 40 రావలెను. అంతే చాలదు, మూడింటిలో కలిపి 300కు 150 రావలెను.

మన యౌవనస్థునికి 46, 51, 44 వచ్చెను. మొత్తము 141. తొమ్మిది మార్కులు తక్కువై గ్రూపు తప్పెను. అతని తండ్రి మా యొద్దకు వచ్చి, “అయ్యగారూ, ఏ పేపరులోను తప్పనివాడు ఎట్లు ఫెయిలాయెను? నాతో అబద్ధమాడుచున్నాడేమో!” అనెను. మేము నియమమును కాగితముపై వ్రాసి చూపిన తరువాత ఆయన చాలసేపు మౌనముగా నుండెను. తలిదండ్రులారా, మీ బిడ్డను అనుమానించుటకు ముందు అతని పరీక్ష నియమములు తెలిసికొనుడి.

పిమ్మట ఆ యౌవనస్థునితో కూర్చుండి, రూపాయల లెక్క గాక గడియల లెక్క వ్రాసితిమి. వారమునకు 168 గంటలు. నిద్రకు 49, మిల్లుకు 30, వంటకు భోజనమునకు రాకపోకలకు 28, ఆదివారపు ఆరాధనకును విశ్రాంతికిని 10. ఇవి పోగా 51 మిగిలినవి. అయితే చదివినది 25 గంటలే. తక్కిన 26 ఎక్కడ పోయెనని అడిగితిమి. పదునేడు గంటలు సెల్‌ఫోనుకును, పుస్తకముపై తల వాల్చి కునుకుటకును పోయెనని అతడు దాచక ఒప్పుకొనెను. తక్కిన తొమ్మిది గంటలు చెప్పుటకు సిగ్గుపడెను. అవి మేము తీసికొనినవి! లెక్కలు వచ్చినవాడు గదా యని సంఘపు లెక్కలు, కోతపండుగ లెక్కలు, పాటల అభ్యాసము, సండేస్కూలు అన్నియు అతని భుజముపైనే పెట్టితిమి. అతడు కాదనలేదు గనుక భారము లేదనుకొంటిమి. ఇది మా తప్పు. ఇప్పుడు సంఘపు లెక్కలు మరియొకరు చూచుచున్నారు. సండేస్కూలును ఇద్దరు సహోదరీలు తీసికొనిరి. ఆరాధనను, విశ్రాంతిని మాత్రము మేము తగ్గింపలేదు.

పౌలు కొరింథులో అకుల ప్రిస్కిల్ల యింట డేరాలు కుట్టుచు, విశ్రాంతిదినములలో బోధించెను. చేతిపని అతనికి అవమానము కాలేదు. అయితే సీలయు తిమోతియు మాసిదోనియ నుండి వచ్చినప్పుడు అతడు వాక్యబోధయందే నిమగ్నుడాయెను. మాసిదోనియ సహోదరులు అతని అక్కరలు తీర్చిరని 2 కొరింథీయులకు 11:9లో చదువుచున్నాము. డేరాలు కుట్టిన చేతులను మెచ్చుకొనుట మనకు తెలిసినదే. మాసిదోనియవారిని మాత్రము మరచితిమి.

మరియొక సంగతి ముందుగా తెలిసియుండవలెను. 2023 జూలైలో వచ్చిన నూతన పద్ధతి చొప్పున, ఇంటర్మీడియట్ రెండు గ్రూపులును ముగిసిన తరువాత రెండేండ్లు ఒక అకౌంటెంటు క్రింద ఆర్టికల్‌షిప్ చేయవలెను. దానికి స్టైపెండు ఇత్తురు గాని, ఇన్‌స్టిట్యూటు అనుమతి లేక వేరొక కొలువు చేయరాదు. నేడు మిల్లు జీతముతో గడచుచున్న ఇల్లు ఆ రెండేండ్లు ఎట్లు గడచునో నేడే లెక్క చూచుకొనవలెను. కొంచెము కొంచెముగా దాచుకొనవలెను.

యౌవనస్థులారా, ఒక వారము మీ గడియల చిట్టా వ్రాయుడి. దానిలో అబద్ధపు పద్దు వేయకుడి. రెండు గ్రూపులు మోయలేనివాడు ఒకటే వ్రాయుటలో సిగ్గేమియు లేదు.

పెద్దలారా, పరీక్షకు ముందు రెండు నెలలు ఆ బిడ్డ మిల్లు పని మానుకొనగలుగునట్లు, గది అద్దెయు బియ్యమును మనము ఇచ్చుటకు సంఘ కమిటీ ఒప్పుకొన్నది. అతడు ఉత్తీర్ణుడగునో లేదో మేము చెప్పజాలము. అతడు తప్పినను ఆ బియ్యపు లెక్క అతని నడుగము. మీ సంఘములో ఇట్టి బిడ్డ యున్నాడా? వచ్చు ఆదివారము ఆరాధనయైన తరువాత అతనికి పని చెప్పక, అతని యొద్ద కూర్చుండి క్షేమమడుగుడి.