గూట్లో కోడి పోయిందా? ముందు దొంగను గుర్తుపట్టండి

తెల్లారి గూడు తలుపు తీస్తే రెండు పెట్టలు లేవు. వాకిట్లో ఈకలు, ఒక మూల నెత్తురు మరక. కంగ్టి మండలంలో పెరటి కోళ్లు సాకే ఇళ్లకు ఇది కొత్త సంగతి కాదు. పల్లె అయినా తండా అయినా గుడ్లమీద, పుంజులమీద వచ్చే నాలుగు రూపాయలు ఆడవాళ్ల చేతి ఖర్చు. బడి పుస్తకాలు, సంత సరుకు దానిమీదే నడుస్తాయి. అందుకే కోపం వస్తుంది. ఆ కోపంలో చచ్చిన కోడికి గుళికల మందు పూసి కంచె పక్కన పడేసేవారున్నారు. ఆ పని చేయకముందు, అసలు వచ్చింది ఎవరో తెలుసుకోండి.

దానికి పైసా ఖర్చు లేదు. పొద్దుగూకినాక గూడు చుట్టూ మూరెడు వెడల్పున జల్లెడ పట్టిన బూడిద గానీ మెత్తని మన్ను గానీ చల్లండి. తెల్లారి అడుగులు చూడండి. గుండ్రని అడుగు, గోళ్ల గుర్తు లేకపోతే పిల్లి జాతి. పిల్లి నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది. గోళ్ల గుర్తులుంటే కుక్క, నక్క.

చంపిన తీరు కూడా చెబుతుంది. నాలుగైదు కోళ్లను కొరికి, తినకుండా చిందరవందరగా పడేసి పోతే అది కుక్క పనే. మన వీధి కుక్కను ఎవరూ అనుమానించరు, నింద మాత్రం అడవి జంతువు మీద పడుతుంది. ఒక్క కోడే పోయి, ఈకల జాడ పొద వైపు సాగితే బావురుపిల్లి గానీ నక్క గానీ అనుకోవాలి. పైకప్పు పెంకుల సందులోంచి రాత్రి దిగేది మానుపిల్లి. ముంగిస పగలే తిరుగుతుంది, కాబట్టి రాత్రి జరిగిన నష్టాన్ని దానికి అంటగట్టకండి. పిల్లలు జాడ లేకుండా మాయమైతే పాము, లేదా పందికొక్కు. గూడు మూలలో కొత్త బొరియ ఉందేమో వెతకండి.

బావురుపిల్లిని చూసి చిరుత పిల్ల అని ఊరంతా హడలిపోయే సందర్భాలున్నాయి. పోల్చుకోవడం కష్టం కాదు. ఇంటి పిల్లి కంటే పెద్దది, కాళ్లు పొడుగు, తోక పొట్టి. తోక చివర నల్లటి పట్టీలు, చెవి కొసల్లో చిన్న నల్ల కుచ్చు ఉంటాయి. ఒంటిమీద చిరుతకున్నట్టు మచ్చలుండవు. అసలు చిరుత మన జిల్లాలో లేదని కాదు. 2022 డిసెంబరులో జిన్నారం మండలం గడ్డపోతారంలో ఒక మందుల ఫ్యాక్టరీలోకి చిరుత దూరితే మత్తు ఇచ్చి పట్టుకోవాల్సి వచ్చింది. నిజంగా చిరుతే అనిపిస్తే దగ్గరికి పోవద్దు, అటవీ శాఖవారికి చెప్పండి.

బావురుపిల్లికి అసలు తిండి ఎలుక. రాజస్థాన్‌లోని సరిస్కా అడవిలో చేసిన పరిశోధన 2004లో అచ్చయింది. ఒక్కో బావురుపిల్లి రోజుకు 3 నుంచి 5 ఎలుకల్ని తింటుందని అందులో లెక్క తేలింది. మన శనగ, జొన్న చేలల్లో ఎలుకల మందుకు మీరు పెట్టే ఖర్చు గుర్తు చేసుకోండి. కోడి దొరికితే వదలదు, నిజమే. దొరక్కుండా చూడటం మన చేతిలో ఉంది.

ఆ పనికి గూడే ముఖ్యం. గంప బోర్లించి పైన రాయి పెడితే కుక్క ఒక్క తోపుతో దొర్లిస్తుంది. ఆరు మూలల సన్న కోళ్ల జాలీ కోళ్లను లోపల ఆపుతుందే గానీ కుక్కను బయట ఆపదు. అర అంగుళం కన్నాల వెల్డ్‌మెష్ వాడండి. జాలీని నేల దగ్గర బయటివైపు అడుగు పొడవున మడిచి, పైన మన్ను, రాళ్లు కప్పండి. తవ్వే జంతువు గోడ అంచునే మొదలుపెడుతుంది, అక్కడే జాలీ తగిలితే మానేస్తుంది. మంచెమీద గూడు కట్టేవారు కాళ్లకు రేకు చుట్టాలి. తలుపుకు తాడు కాదు, గొళ్లెం ఉండాలి. పొద్దు గూకకముందే కోళ్లను కమ్మాలి. ఎక్కువ నష్టం జరిగేది ఆ మసక వేళలోనే. గూటి చుట్టూ పది గజాల మేర పొదలు కొట్టేయండి. కోసిన కోడి పేగులు పెంటకుప్పమీద పడేస్తే మీరే పిలిచినట్టు.

వనరాజా, గ్రామప్రియ పిల్లల్ని తెచ్చేవారికి ఇంకో మాట. వాటికి తల్లి ఉండదు. గద్ద నీడ పడగానే కేకేసి రెక్కల కింద దాచేది ఎవరు? అందుకే ఆరు వారాలు నిండేదాకా లోపలే సాకి తర్వాత వదలాలి. వదిలినాక కూడా చెట్టు నీడో, కంది కట్టె పందిరో ఉన్నచోట మేపితే గద్ద, డేగ తాకిడి తగ్గుతుంది.

మందు సంగతికి వస్తే, పూసిన కోడిని దొంగ ఒక్కడే తినడు. మీ కుక్క, కాకులు, నెమళ్లు తింటాయి. ఆడుకునే పిల్లల చేయి తగలొచ్చు. ఉచ్చులూ వద్దు. గూటికి కరెంటు తీగ చుట్టడం మరీ ప్రమాదం, రాత్రి మూత్రానికి లేచిన మనిషే దానిమీద పడొచ్చు. పైగా బావురుపిల్లి, ముంగిస, నక్క, ఉడుము అన్నీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తాయి. చంపితే కేసు అవుతుంది.

మూలకు తరిమిన జంతువు కరుస్తుంది. కరిస్తే పసుపు, సున్నం పెట్టకండి. పావుగంటసేపు సబ్బుతో, పారే నీళ్లతో కడిగి అదే రోజు ఆసుపత్రికి పోయి రేబిస్ టీకా మొదలుపెట్టాలి.

చెరకు నరికేటప్పుడు బావురుపిల్లి కూనలు కనబడుతుంటాయి. ఇంటికి తేవద్దు, పాలు పట్టొద్దు. ఆ నాలుగు సాళ్లు విడిచి మిగతా తోట కొట్టుకోండి. మనుషుల అలికిడి లేకుంటే చీకటి పడ్డాక తల్లి వచ్చి ఒక్కొక్కదాన్ని నోట కరచుకుపోతుంది. తెల్లారి ఆ సాళ్లూ నరుక్కోవచ్చు.