షుగర్ మనిషికి దిగులెందుకు?

ప్రశ్న: మాది శ్రీకాకుళం, జంషెడ్‌పూర్ కదమాలో స్థిరపడ్డాం. మావారికి షుగర్. రిటైరయ్యాక ఎవరితోనూ మాట్లాడరు, మాత్రలు సరిగా వేసుకోరు. బద్ధకమేనా?

జవాబు: బద్ధకం అనకండమ్మా, ఆ మాటే ఆయన్ని ఇంకా మూలకు తోస్తుంది. షుగర్ ఉన్నవాళ్లలో డిప్రెషన్ మిగతావాళ్లకన్నా దాదాపు రెండింతలు కనిపిస్తుంది. దిగులుతో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ పెరిగితే షుగరూ పెరుగుతుంది. మాత్రలు మానితే చెప్పక్కర్లేదు. హెచ్‌బీఏ1సీ, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. మెట్‌ఫార్మిన్ ఏళ్లతరబడి వాడుతుంటే బీ12 కూడా. అది తగ్గినా మనిషి ఇలాగే డీలాపడతారు. రెండు వారాలు దాటినా మార్పు లేకపోతే సైకియాట్రిస్టుకు చూపించండి. డిప్రెషన్ మందుల్లో కొన్ని బరువు పెంచుతాయి, షుగర్ సంగతి ముందే చెప్పండి. వాకింగ్‌కి వెళ్లమని పోరు పెట్టే బదులు జూబిలీ పార్కుకు మీరూ వెంట వెళ్లండి. చావు మాటలెత్తితే మాత్రం ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు.