తొలినాటి కవరులపై పాతకాలపు వాహనములు

తపాలాశాఖవారు క్రొత్త బిళ్లను విడుదల చేయదలచినపుడు అందులకు ఒక దినమును ముందుగా ప్రకటింతురు. ఆ దినముననే ఆ బిళ్లను ఒక కవరుపై అంటించి, ఆనాటి తేదీ గల ప్రత్యేకమైన ముద్రను దానిపై వేయించినచో అది తొలినాటి కవరు అనబడును. కవరునకు ఎడమవైపున బిళ్లలోని విషయమునకు సంబంధించిన బొమ్మ యొకటి అచ్చువేయబడి యుండును. కుడివైపున పైభాగమున బిళ్లయు, దానిపై ముద్రయు నుండును. మఱునాడు అదే బిళ్లను అట్టి కవరుపైననే అంటించినను అది తొలినాటి కవరు కానేరదు.

ఇట్టి కవరులను సేకరించువారిలో కొందఱు పక్షుల బొమ్మలను, కొందఱు మహాపురుషుల బొమ్మలను కోరుదురు. పాతకాలపు వాహనములను మాత్రమే కోరువారును గలరు. వాహనములు తపాలాబిళ్లపైకి ఎక్కుట న్యాయమే. ఇన్నాళ్లును ఉత్తరములను మోసినవి అవియే గదా! 1937 లో ఆఱవ జార్జి చక్రవర్తి బొమ్మతో వెలువడిన బిళ్లలలో టపా మోయు హర్కారా, ఎద్దుబండి, టాంగా, ఒంటె, రైలు, పొగయోడ, లారీ, విమానము వరుసగా కనబడును. హర్కారా బొమ్మ రెండణాల బిళ్లపైనను, విమానము పండ్రెండణాల బిళ్లపైనను కలవు. వేగము హెచ్చినకొలది వెలయు హెచ్చినది.

మన దేశమున తొలి ప్రయాణీకుల రైలు 1853 ఏప్రిల్ 16 వ తేదీన బొంబాయిలోని బోరీబందరు నుండి ఠాణాకు నడచెను. దూరము 34 కిలోమీటర్లు. 14 పెట్టెలలో 400 మంది అతిథులు కూర్చుండగా మూడు ఇంజనులు ఆ బండిని లాగెను. సరిగా నూఱేండ్లకు, 1953 ఏప్రిల్ 16 న, రెండణాల బిళ్ల యొకటి వెలువడెను. అందు 1853 నాటి ఇంజనును, 1953 నాటి ఇంజనును కలిపి చూపిరి. ఆ నాటి కవరు దొరకినవాడు ముద్రలోని తేదీని చూచి, నూఱేండ్లు వెనుకకు లెక్కించినచో చాలును. ఏ ఉత్సవమునకు అది వెలువడినదో వేఱొకరు చెప్పనక్కఱలేదు.

1976 మే 15 న వెలువడిన నాలుగు రైలు ఇంజనుల బిళ్లలు ఇంతకంటె ఎక్కువ చెప్పును. రెండు రూపాయల బిళ్లపై నున్నది గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వేవారి 1853 నాటి ఇంజను. అది ఇంగ్లండులోని వల్కన్ కార్ఖానాలో తయారై ఓడలో వచ్చినది. 50 పైసల బిళ్లపై నున్న చిన్న ఇంజను 1895 లో అజ్మీరులో తయారైనది. మన దేశమున తయారైన మొదటి రైలు ఇంజను అదియే. ఢిల్లీలోని రైలు వస్తుప్రదర్శనశాలలో దానిని చూడవచ్చును. ఈ రెండు బిళ్లల నడుమ 42 ఏండ్లున్నవి. పట్టాలు మన నేలపై పఱచుకొని, ఇంజనులకై అన్ని యేండ్లు సముద్రమువంక చూడవలసి వచ్చెను. అటుపిమ్మట అజ్మీరు, జమాల్‌పూరు కార్ఖానాలలో కొన్ని వందల ఇంజనులు తయారైనను, అధికభాగము విదేశములనుండియే వచ్చుచుండెను. 1950 లో చిత్తరంజనులో కర్మాగారము పని ప్రారంభించిన తరువాతనే ఆ స్థితి మాఱినది. రూపాయి బిళ్లపై నున్న పెద్ద ఆవిరి ఇంజను జాతి 1947 లో అమెరికానుండి వచ్చి, పిమ్మట చిత్తరంజనులోనే తయారైనది. నాలుగవది డీజెలు ఇంజను. దాని బిళ్ల వెల 25 పైసలు. ఆనాడు సాధారణమైన ఉత్తరమునకు వలసిన బిళ్ల అదియే కనుక, ఎక్కువ యిండ్లకు చేరినది డీజెలు ఇంజనే యని చెప్పవచ్చును. ముసలి ఇంజను మాత్రము రెండు రూపాయలు పెట్టగలిగినవారికే దక్కినది.

విమానముల సంగతియు వినదగినది. 1911 ఫిబ్రవరి 18 న, నేడు ప్రయాగ్‌రాజ్ అనబడు అలహాబాదులో, హెన్రీ పెకే అను ఫ్రెంచి యువకుడు సుమారు 6,500 ఉత్తరముల సంచిని తన రెండు రెక్కల అంతస్తులుగల విమానమున పెట్టుకొని ప్రదర్శన మైదానమునుండి యెగిరెను. యమునానదిని దాటి, సుమారు పది కిలోమీటర్ల దూరముననున్న నైనీలో 13 నిమిషములకు దిగెను. ప్రపంచమున ప్రభుత్వ అనుమతితో జరిగిన తొలి విమాన తపాలా అదియే. ఆ ఉత్తరములపై విమానము బొమ్మగల ప్రత్యేకమైన ముద్రను వేసిరి గాని, బిళ్లలు మాత్రము అందఱును వాడు మామూలు బిళ్లలే. కనుక అవి తొలి విమానయానపు కవరులే గాని తొలినాటి కవరులు కావు. ఈ రెంటిని ఒకటిగా భావించువారు తఱచుగా కనబడుచుందురు. ఏబదియేండ్లకు, 1961 ఫిబ్రవరి 18 న, ఆ యాత్ర జ్ఞాపకముగా మూడు బిళ్లలు వెలువడెను. వానిలో ఒకదానిపై ఆ పాత విమానమును, బోయింగు విమానమును ప్రక్కప్రక్కన చూపిరి.

తెలుగువారికి దగ్గఱైన వాహనము ఒక ఓడ. విశాఖపట్టణమున తయారైన ‘జల ఉష’ను 1948 మార్చి 14 న ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ జలప్రవేశము చేయించెను. 1965 ఏప్రిల్ 5 న, జాతీయ నౌకాదినమున, 15 పైసల బిళ్లపై ఆ యోడనే ముద్రించిరి. ఒకే బిళ్లకు వేర్వేఱు పట్టణములలో ముద్ర వేయుదురు గనుక, ఎఱిగిన సేకర్త ముద్రలోని ఊరిపేరును కూడ చదువును. ఓడను కన్న ఊరి ముద్రయున్న కవరును అతడు ఎక్కువగా కోరుట సహజము.

సేకర్తలలో తీరని వివాద మొకటి కలదు. చిరునామా లేక, ముద్ర మాత్రము వేయించుకొని కౌంటరునుండి నేరుగా ఇంటికి తెచ్చిన కవరు నిగనిగలాడుచుండును. చిరునామా వ్రాసి పంపిన కవరు అంచులు నలిగి, వెనుక మఱొక ఊరి ముద్రతో చేరును. అంగడిలో చాలమంది మొదటిదానినే కోరుదురు. ఐనను ఉత్తరము మోయుటకు పుట్టిన వాహనముల బొమ్మగల కవరు తానెన్నడును ఏ వాహనమును ఎక్కకపోవుట వింతయే. రైలునెక్కి వచ్చిన రైలు కవరునకు ఆ కొలది నలుగుడు లోపముగా నెంచరాదు.

కవరులను పుస్తకమునకు జిగురుతో అంటింపరాదు. నాలుగు మూలలను కాగితపు సందులలో దూర్చి నిలుపవలెను. వానకాలమున తేమ తగిలినచో బిళ్లవెనుక జిగురు పసుపుమచ్చలుగా పైకి తేలును. కనుక పెట్టెను గోడకు ఆనించక, అప్పుడప్పుడు తెఱచి గాలి తగులనీయవలెను. కవరు ఎవరు, ఎప్పుడు, ఎక్కడ ఇచ్చిరో వేఱొక చీటిపై పెన్సిలుతో వ్రాసి దానితోడనే ఉంచవలెను.