లోయలో మేఘం - చెవి చేసే మోసం

పూతలపట్టు నుండి పీలేరు, మదనపల్లె దాటి వెళితే కురబలకోట మండలం వస్తుంది. అక్కడి ఎగువరేగడ గ్రామవాసి లాన్స్ నాయక్ బి. సాయితేజ. 2021 డిసెంబరు 8న తమిళనాడులోని కూనూరు దగ్గర హెలికాప్టర్ కూలి, జనరల్ బిపిన్ రావత్‌తో పాటు ఆయనా అమరులయ్యారు. మన హాస్టల్లో సైన్యంలో చేరాలనుకునే తమ్ముళ్ళు చాలామంది ఉన్నారు. వారి కోసమే మేము ఈ పాఠం రాస్తున్నాము.

ఆ హెలికాప్టర్ ఉదయం 11.48కి సూలూరులో బయలుదేరింది. 12.15కి వెల్లింగ్టన్‌లో దిగాలి. 12.08కి సంబంధాలు తెగిపోయాయి. యంత్రంలో లోపం లేదని, లోయలో వాతావరణం హఠాత్తుగా మారి హెలికాప్టర్ మేఘంలోకి వెళ్ళిందని, పైలట్ దిశాభ్రాంతికి లోనయ్యారని 2022 జనవరిలో వాయుసేన విచారణ తెలిపింది.

దిశాభ్రాంతి అంటే ఏమిటి? మన లోపలి చెవిలో మూడు అర్ధవర్తుల కుల్యలు, వాటిలో ద్రవం ఉంటాయి. గిరగిరా తిరిగి ఆగి చూడండి. మనం ఆగినా ద్రవం ఆగదు. ఇంకా తిరుగుతున్నట్లే ఉంటుంది. హెలికాప్టర్ ఒకే వేగంతో మెల్లగా మలుపు తిరుగుతుంటే ద్రవం కూడా సమంగా తిరుగుతుంది. అప్పుడు నేరుగా పోతున్నట్లే అనిపిస్తుంది. నేల కనబడితే కన్ను ఈ పొరపాటును సరిదిద్దుతుంది. మేఘంలో ఆ ఆధారం ఉండదు. ఎంత అనుభవజ్ఞుడి చెవి అయినా మోసపోతుంది. అందుకే పరికరాలనే నమ్మాలని పైలట్లకు నేర్పిస్తారు. పైన ఎగిరేవారికి తేరుకొనే వ్యవధి ఉంటుంది. కొండల మధ్య కిందుగా ఎగిరేవారికి మిగిలేవి క్షణాలే.

తమ్ముళ్ళూ! సైన్సు పుస్తకంలోని చెవి బొమ్మ మార్కుల కోసమే కాదు. సాయితేజకు మా జోహార్లు.